శిక్ష ముగిసినా తెరుచుకోని కొలువు తలుపు
మాజీ ఖైదీలకు ఉపాధిపై నిరుద్యోగుల ఆవేదన.. ఇరువురినీ వేధిస్తున్నది స్పష్టమైన నియమం లేకపోవడమే

వరంగల్, జిల్లా ప్రతినిధి: తప్పు చేసి జైలుకు వెళ్లినవారికి పని చూపుతున్నారు, ఏ తప్పూ చేయక పుస్తకం పట్టినవారికి ఎదురుచూపులే మిగిలాయి. కారాగారాల శాఖ పెట్రోలు బంకుల్లో విడుదలైన ఖైదీలకు ఉపాధి కల్పించారన్న వార్త వెలువడినప్పుడల్లా, లొంగిపోయిన మావోయిస్టులకు అధికారులు చెక్కులు అందజేస్తున్న చిత్రాలు పత్రికల్లో కనిపించినప్పుడల్లా నిరుద్యోగ యువత నుంచి వినవచ్చే మాట ఇది. హనుమకొండ శిక్షణ కేంద్రాల్లో, గ్రంథాలయాల పఠన మందిరాల్లో ఏళ్లు గడిపినవారికి ఈ మాట అనే హక్కు ఉంది. దానిని అసూయగా కొట్టిపారేయడం సమంజసం కాదు. అయితే ఆ ఆగ్రహం చేరవలసిన చిరునామా ఏది అన్నది నిదానంగా ఆలోచించవలసిన విషయం. మాజీ ఖైదీకి దక్కుతున్నదేమిటో, నిరుద్యోగి కోల్పోతున్నదేమిటో లెక్క తీస్తే ఒకరి నోటి కూడు మరొకరు లాక్కుంటున్న దాఖలా కనిపించదు. ముందుగా తెలిసిన, కాలపరిమితితో కూడిన, అందరికీ ఒకే తీరున వర్తించే నియమం లేకపోవడమే ఇరువురినీ దెబ్బతీస్తున్నది.

ఎదురుచూపుల లెక్క

నిరుద్యోగుల ఆవేదనకు ఆధారాలు వెదకనక్కరలేదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో వెలువడింది. 503 పోస్టులకు సుమారు 3.80 లక్షల మంది దరఖాస్తు చేసుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 16న నిర్వహించిన ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ నిర్వహించిన పరీక్షను అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటన స్థానంలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది. ఒకే కొలువు కోసం ఒకే అభ్యర్థి మూడుసార్లు ప్రాథమిక పరీక్ష రాయవలసి వచ్చింది. గ్రూప్-4 కింద 8,180 పోస్టులకు పోటీపడినవారు తొమ్మిదిన్నర లక్షలకు పైమాటే.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లోనూ పరిస్థితి భిన్నంగా లేదు. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన ఇచ్చారు. ఐదు లక్షల మందికి పైగా దరఖాస్తు చేసుకున్నారు. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగినా, తుది ఫలితాలు వెలువడింది మాత్రం 2025 ఆగస్టులో. ఈ మధ్యకాలంలో అద్దె గదుల బాడుగలు, శిక్షణ రుసుములు, మెస్ బిల్లులు భరించినవి రైతు కుటుంబాలు, కూలి కుటుంబాలు. ఇంత నిరీక్షణలో ఉన్నవారికి మరొకరికి దక్కిన చిన్నపాటి పని సైతం తమకు జరిగిన అన్యాయంగా తోచడం సహజం.

అయితే పై జాప్యాలలో ఏ ఒక్కదానికీ జైలు నుంచి విడుదలైనవారు కారణం కారు. ప్రశ్నపత్రాల గోప్యత కాపాడలేని వ్యవస్థ, నిబంధనలు పాటించని పరీక్షా నిర్వహణ, ఏటా నియామక క్యాలెండర్ అమలు చేయని ప్రభుత్వాలు, సంవత్సరాల తరబడి నలిగే వ్యాజ్యాలు అందుకు కారణాలు.

జైలు చూపే పని ఎంత?

ఇక రెండో పక్కకు వద్దాం. ఖైదీల శ్రమతో పెట్రోలు బంకులు నడిపే విధానం చంచల్‌గూడ వంటి చోట్ల జనానికి సుపరిచితమే. 2014 తర్వాత వి.కె.సింగ్ తెలంగాణ కారాగారాల శాఖకు అధిపతిగా ఉన్నకాలంలో ఈ బంకుల సంఖ్య పెరిగింది. జైళ్లలో తయారైన వస్తువులను ‘మై నేషన్’ పేరిట విక్రయించడమూ ప్రాచుర్యం పొందింది. శిక్ష అనుభవిస్తున్నవారితోపాటు విడుదలైనవారిలో కొందరిని కూడా నెలసరి వేతనంపై బంకుల్లో నియమించారు. ఢిల్లీలోని తీహార్ జైలులో 2011లో ప్రైవేటు సంస్థలను లోపలికి రప్పించి, విడుదలకు చేరువైన ఖైదీలకు ప్రాంగణ నియామకాలు జరిపించారు.

ఈ ప్రయత్నాలు ప్రశంసనీయమే. కానీ వీటి పరిమాణాన్ని గమనించాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. బంకులు, విక్రయ కేంద్రాలు, అడపాదడపా జరిగే నియామక మేళాలు ఇందులో ఏ కొద్దిమందికో ఆసరా కాగలవు. ఆ కొద్దిమందికి లభించేది కూడా వాహనాల్లో ఇంధనం నింపే పని, బేకరీ పని, కుట్టుపని. గ్రూప్-1 అభ్యర్థి కోరుకునే కొలువులు ఇవి కావు. అదే సమయంలో, డిగ్రీ చదివి ఏ పనీ దొరకక బంకులోనైనా చేరదామని చూసే యువకులు మన పట్టణాల్లో ఉన్నారన్నదీ నిజమే. ఆ యువకుడికి ఊళ్లోని మిగతా బంకులన్నీ తలుపులు తెరిచే ఉంటాయి. జైలు నుంచి వచ్చినవాడికి తెరిచి ఉండేది తరచూ ఆ ఒక్క బంకే. ఆ తేడాను నిరుద్యోగులు గుర్తించవలసి ఉంది.

వరంగల్ విషయానికి వస్తే ఆసరా మరింత దూరమైంది. 1886 నాటి వరంగల్ కేంద్ర కారాగారాన్ని భారీ ఆసుపత్రి నిర్మాణం కోసం 2021లో ఖాళీ చేయించి కూల్చివేశారు. ఖైదీలను ఇతర జైళ్లకు తరలించారు. మామునూరు వద్ద కొత్త కారాగారం నిర్మిస్తామని ప్రభుత్వం అప్పట్లో ప్రకటించింది. జైలు అంటే నాలుగు గోడలే కాదు. అక్కడ నేర్చుకునే వృత్తి, విడుదలయ్యాక స్థానికంగా పని చూపే అధికారి, ములాఖత్‌కు వచ్చే కుటుంబం కూడా ఆ గోడలతో ముడిపడి ఉంటాయి. సొంత ప్రాంతానికి దూరంగా శిక్ష పూర్తిచేసినవాడు తిరిగి వచ్చేసరికి ఆ సంబంధాలన్నీ పలుచబడిపోతాయి.

లొంగుబాటుకు విధానం.. చిరు నేరానికి శూన్యం

ఉమ్మడి వరంగల్, ఖమ్మం, కరీంనగర్ ప్రాంతాల్లో ఈ చర్చకు మరో కోణం ఉంది. లొంగిపోయిన మావోయిస్టులకు, వారి తలలపై ప్రకటించిన రివార్డు మొత్తాన్నే పునరావాసం కింద అందజేయడం దశాబ్దాలుగా అమలవుతున్న విధానం. ఆయుధం వదిలినవారు తిరిగి అడవి బాట పట్టకుండా చూడటం దాని ఉద్దేశం. శాంతిభద్రతల దృష్ట్యా ప్రభుత్వం చెల్లిస్తున్న మూల్యం అది. దానిని ఉద్యోగ నియామకంతో పోల్చడం సరికాదు.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న వేరు. సాయుధ పోరాటం నుంచి బయటికి వచ్చినవారికి రాతపూర్వక విధానం ఉన్నప్పుడు, సైకిలు దొంగతనం కేసులోనో, ఊరి జాతరలో జరిగిన కొట్లాటలోనో నెలల పాటు జైలులో ఉండి వచ్చిన ఇరవై ఏళ్ల యువకుడికి ఏ విధానమూ ఎందుకు లేదు? విడుదలైన ఖైదీల బాగోగులపై 1980-83 నాటి జస్టిస్ ముల్లా కమిటీ మొదలుకొని 2016 నమూనా జైలు మాన్యువల్, 2023లో కేంద్ర హోంశాఖ రూపొందించిన నమూనా కారాగార చట్టం వరకు పదేపదే ప్రస్తావించాయి. కాగితం మీద ఉన్నదానికి, జైలు ద్వారం బయట బస్సు ఛార్జీ చేతపట్టుకుని నిలబడినవాడికి మధ్య దూరం మాత్రం తగ్గలేదు.

దరఖాస్తులో ఆ ఒక్క గడి

మాజీ ఖైదీని నిలువరించేది ప్రధానంగా ధ్రువీకరణ పత్రంలోని ఒక గడి. ‘మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా? అరెస్టయ్యారా? శిక్ష పడిందా?’ అని అది అడుగుతుంది. ఆపై స్పెషల్ బ్రాంచి విచారణ. ఉమ్మడి రాష్ట్రంలో రూపొందిన 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలు అభ్యర్థి నడవడి, పూర్వచరిత్ర కొలువుకు తగినవై ఉండాలని చెబుతాయి. ఏ నేరం, ఎన్నేళ్ల క్రితందైతే తగదన్న స్పష్టత అభ్యర్థికి ముందుగా అందదు. ప్రైవేటు రంగంలోనూ సెక్యూరిటీ గార్డు మొదలు గిడ్డంగి సిబ్బంది వరకు పోలీసు ధ్రువపత్రం అడగడం పరిపాటిగా మారింది.

గమనించవలసిన అంశం మరొకటి ఉంది. 2022 లెక్కల్లోని 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురిపై నేరం ఇంకా రుజువు కాలేదు. శిక్ష పడినవాడికి శిక్ష ముగిసే తేదీ అన్నా ఉంటుంది. కేసు నడుస్తున్నవాడికి అదీ లేదు.

న్యాయస్థానాల తీర్పులు సైతం అభ్యర్థికి స్థిరమైన భరోసా ఇవ్వలేకపోయాయి. ఢిల్లీ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి సంబంధించిన సందీప్ కుమార్ కేసులో 2011లో సుప్రీంకోర్టు, యౌవనంలో జరిగే చిన్న తప్పులను క్షమించే దృక్పథం ఉండాలని పేర్కొంది. 2013లో మెహర్ సింగ్ కేసులో, రాజీతో కేసు నుంచి బయటపడినవారిని కూడా పోలీసు ఉద్యోగానికి నిరాకరించే అధికారం శాఖకు ఉందని తీర్పునిచ్చింది. ఈ వైరుధ్యాలను చక్కదిద్దేందుకు 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప నేరాలను దాచినా యాజమాన్యం తన విచక్షణతో ఉపేక్షించవచ్చునని చెప్పింది. నిజం చెప్పినంత మాత్రాన నియామకం తప్పనిసరి కాదని కూడా స్పష్టం చేసింది. 2022లో పవన్ కుమార్ కేసులో, వివరం దాచారన్న ఒక్క కారణంతో యాంత్రికంగా ఉద్యోగం నుంచి తొలగించరాదన్నది. అదే ఏడాది సతీష్ చంద్ర యాదవ్ కేసులో సాయుధ దళాలకు మరింత కఠిన ప్రమాణాన్ని సమర్థించింది. సారాంశం ఏమంటే, అంతిమ నిర్ణయం అధికారి విచక్షణదే. నిజం రాస్తే పోతుందేమోనన్న భయం, దాస్తే పట్టుబడతామన్న భయం మధ్య అభ్యర్థి నలిగిపోతున్నాడు.

గీత చెరిగిన చోటు

నిరుద్యోగి ఒకవైపు, నేరస్తుడు మరొకవైపు అని గీసుకున్న గీత ఎంత పలుచనిదో 2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో రుజువైంది. కొవిడ్ కారణంగా నిలిచిపోయిన సైనిక నియామకాల కోసం ఎదురుచూస్తున్న యువకులు, అగ్నిపథ్ పథకం ప్రకటనతో ఆగ్రహించి రైళ్లకు నిప్పు పెట్టారు. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడొకరు ప్రాణాలు కోల్పోయారు. పదుల సంఖ్యలో అరెస్టులు జరిగాయి. విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ హామీ ఇవ్వాలని, పోలీసు ధ్రువీకరణ తప్పనిసరి అని రెండు రోజులకే సైనికాధికారులు తేల్చిచెప్పారు. అదే ఏడాది జనవరిలో రైల్వే మంత్రిత్వ శాఖ, ఆస్తుల ధ్వంసానికి పాల్పడేవారిని రైల్వే ఉద్యోగాల నుంచి జీవితాంతం దూరం పెడతామని హెచ్చరించింది.

ఉదయం ఉద్యోగార్థిగా ఇల్లు విడిచినవాడు సాయంత్రానికి నిందితుడయ్యాడు. రైలు తగులబెట్టడం చిన్న నేరమని ఎవరూ అనరు. అందులో ప్రయాణికులున్నారు, అది ప్రజల సొత్తు. కానీ నిప్పు పెట్టినవాడికి, గుంపులో నిలబడినవాడికి, వాట్సాప్ సందేశం చూసి స్టేషన్‌కు వచ్చినవాడికి ఒకే తూకం వేస్తే న్యాయం అనిపించుకోదు. తేడా తేల్చవలసింది విచారణ. 2022లో అగ్నివీర్‌కు గరిష్ఠ వయసును 21 ఏళ్లుగా నిర్ణయించి, ఆ ఏడాది ఒక్కసారికి 23కు సడలించారు. కేసు తేలేలోగా ఆ వయసు దాటిపోతే, నిర్దోషిగా బయటపడినా సైన్యం కల అక్కడితో ముగిసినట్లే. 2023 నాటి ప్రశ్నపత్రాల లీకేజీలోనూ ఇదే చూశాం. కమిషన్ సిబ్బందితోపాటు అభ్యర్థులు కూడా నిందితులయ్యారు. వారిలో పలువురిని ఇక ఏ పరీక్షా రాయకుండా కమిషన్ శాశ్వతంగా నిషేధించింది.

నేతకు ఆరేళ్లు.. అటెండరుకు జీవితకాలం

ఇక్కడే అసలు అసమానత దాగి ఉంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం, రెండేళ్లు అంతకుమించి శిక్ష పడినవారు విడుదలైన తర్వాత ఆరేళ్ల వరకు ఎన్నికల్లో పోటీ చేయరాదు. ఆరేళ్లు ముగిస్తే పోటీ చేయవచ్చు, గెలవవచ్చు, మంత్రి కూడా కావచ్చు. కేసు పెండింగులో ఉన్నంత మాత్రాన అసలు అడ్డంకే లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో గెలిచిన 543 మందిలో 251 మంది తమపై క్రిమినల్ కేసులున్నట్లు ప్రమాణ పత్రాల్లో వెల్లడించారని ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం విశ్లేషణ తెలిపింది. శాసనాలు చేసేవారికి నిర్దిష్ట కాలపరిమితి ఉంది. ఆ శాసనసభలో తలుపు దగ్గర నిలబడే అటెండరుకు అది లేదు. నిరుద్యోగుల ఆగ్రహం బంకులో పెట్రోలు పట్టే మనిషి మీద కంటే ఈ వ్యత్యాసం మీద కేంద్రీకృతమైతే ప్రయోజనం ఉంటుంది.

చట్టంలో దారులున్నాయి

శిక్ష నీడకు హద్దు పెట్టే ఆలోచన మనకు కొత్తది కాదు. 1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టంలోని 12వ సెక్షన్, సత్ప్రవర్తన షరతుపై విడిచిపెట్టినవారికి శిక్ష వల్ల కలిగే అనర్హత వర్తించదని చెబుతున్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 24వ సెక్షన్ మైనర్లకు ఇదే రక్షణ కల్పించింది. తీవ్రమైన నేరాల్లో పెద్దలతో సమానంగా విచారణ ఎదుర్కొన్న 16 ఏళ్లు దాటినవారికి మాత్రం మినహాయింపు ఉంది. బ్రిటన్‌లో 1974 నుంచే నేరస్తుల పునరావాస చట్టం అమలులో ఉంది. నిర్ణీత కాలం మరో నేరం చేయకుండా గడిపితే, ఆనాటి శిక్షను చాలా ఉద్యోగాల్లో వెల్లడించనక్కరలేదు. పిల్లలతో పనిచేసే కొలువుల వంటివాటికి ఆ వెసులుబాటు లేదు. వయోజనులందరికీ వర్తించే ఇటువంటి చట్టం మన దేశంలో లేదు.

అయితే కేంద్ర ప్రభుత్వమే ఒకచోట ఈ పద్ధతిని అనుసరించింది. క్యాబ్ సంస్థల కోసం 2020 నవంబరులో జారీ చేసిన మార్గదర్శకాల్లో, గత ఏడేళ్లలో నిర్దిష్ట నేరాల్లో శిక్ష పడినవారిని డ్రైవర్లుగా తీసుకోరాదని పేర్కొంది. 2025 జులైలో వాటి స్థానంలో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ప్రయాణికుల భద్రత ముడిపడిన పనికే నేరాల జాబితా, సంవత్సరాల సంఖ్య రాయడం సాధ్యమైనప్పుడు, జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఎందుకు సాధ్యం కాదు?

బాధితుల మాట మరువరాదు

ఈ చర్చలో నేరం వల్ల నష్టపోయినవారి గొంతు వినిపించకపోవడం లోపమే. ఇల్లు దోపిడీకి గురైనవారు, దాడిలో కాలు చేయి పోగొట్టుకున్నవారు మాజీ ఖైదీకి ఉపాధి అనగానే కలత చెందడంలో ఆశ్చర్యం లేదు. 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు ఖైదీల శ్రమకు న్యాయమైన వేతనం ఇవ్వాలని ఆదేశిస్తూనే, అందులో కొంత భాగాన్ని బాధితుల పరిహారానికి కేటాయించే ఏర్పాటు చేయాలని సూచించింది. పని ఉన్నవాడు పరిహారం చెల్లించగలడు, భార్యాబిడ్డలను పోషించగలడు. పని లేనివాడు మళ్లీ పాత దారి పడితే నష్టపోయేది మరో కుటుంబం. కనుక ఉపాధి అన్నది నేరస్తుడికి ఇచ్చే బహుమానమన్న భావన సరికాదు. కొన్ని కొలువులకు కొన్ని నేరాలు శాశ్వత అడ్డంకిగా ఉండటమూ అవసరమే. పిల్లలపై అఘాయిత్యానికి పాల్పడినవారిని బడి దరిదాపులకు రానివ్వరాదు. ఖజానా సొమ్ము కాజేసినవాడికి తిరిగి ఖజానా తాళం ఇవ్వమని ఎవరూ కోరరు.

చేయవలసినవి

రాష్ట్రాలు తమ పరిధిలోనే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, నియామక ప్రకటనతోపాటే ఏ నేరానికి ఎన్నేళ్ల అనర్హతో తెలిపే పట్టికను ప్రచురించడం. రెండోది, నేరచరిత్ర వివరాలను దరఖాస్తు దశలో కాక ఎంపిక పూర్తయ్యాక మాత్రమే అడగడం, నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇచ్చి అప్పీలుకు గడువు కల్పించడం. మూడోది, కేసు పెండింగులో ఉన్న అభ్యర్థి ఎంపికైతే ఆ పోస్టును నిర్ణీత కాలం నిలిపి ఉంచి, ఆ కేసు విచారణను వేగవంతం చేయాలని సంబంధిత కోర్టును అభ్యర్థించడం. నాలుగోది, జైళ్లలో నేర్పిన వృత్తులకు ధ్రువపత్రాలిచ్చి, వాటిపై జైలు పేరు లేకుండా చూడటం. వీటన్నిటికీ మించి ఏటా నియామక క్యాలెండర్‌ను తేదీలతో ప్రకటించి, అమలు కానప్పుడు సంబంధిత అధికారులను జవాబుదారీ చేయడం. చివరిది జరగనంతకాలం మిగిలిన నాలుగింటిలో ఏ ఒక్కదానినీ నిరుద్యోగులు హర్షించరు. వారిని తప్పుపట్టనూ లేము.

ఇందుకు పార్లమెంటు చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. రాష్ట్ర సర్వీసు నిబంధనలు రాజ్యాంగంలోని 309వ అధికరణం కింద రూపొందినవి. వాటిని సవరించేందుకు ప్రభుత్వ ఉత్తర్వు చాలు. సభలో కూర్చునేవారు తమకు ఆరేళ్ల గడువు రాసుకున్నారు. సర్కారు కార్యాలయంలో ఫైళ్లు మోసే చిరుద్యోగం కోసం దరఖాస్తు చేసే యువకుడికి ఎన్నేళ్లో చెప్పడానికి ఇంకా ఎంతకాలం తీసుకుంటారన్నది వారే తేల్చాలి.